ఎవరి ప్రయోజనం?

విశ్వవిద్యాలయాల్లో 'ప్రత్యేక ప్రయోజనాల ఇంగ్లీషు' అనే బోధనా పద్ధతి ఒకటి ఉంది. ఇంజనీరుకు ఇంజనీరు ఇంగ్లీషు, నర్సుకు నర్సు ఇంగ్లీషు, హోటలు ఉద్యోగికి హోటలు ఇంగ్లీషు నేర్పాలన్నది దాని సారం. షేక్స్పియరును వల్లె వేయించే పాత చదువు కంటె ఇది మేలని ఒప్పుకోవలసిందే. విద్యార్థికి భాష దేనికి కావాలో అడిగిన తరవాతనే ఇది పాఠం రాస్తుంది. అయితే ఆ ప్రయోజనాన్ని నిర్ణయించేది ఎవరు?

ఈ రంగంలో 1987లో వచ్చిన హచిన్సన్, వాటర్స్‌ల గ్రంథం పేరెన్నిక గన్నది. ఈ పద్ధతి పుట్టుకను వారు దాచలేదు. రెండవ ప్రపంచయుద్ధం తరవాత వ్యాపారానికీ సాంకేతికతకూ ఇంగ్లీషు వాహిక కావడం, 1970ల చమురు సంక్షోభంతో పాశ్చాత్య ధనమూ నిపుణులూ చమురు దేశాలకు ప్రవహించడం అందుకు కారణాలని వారే చెప్పారు. విద్యార్థి అవసరాలను మూడుగా విడదీశారు: కొలువు అడిగేది, అతనికి రానిది, అతడు కోరుకునేది. ఆ కొలువు ఎవరిది, దాని షరతులు న్యాయమైనవేనా అన్నదానికి ఆ పట్టికలో చోటు లేదు.

ఆ ప్రశ్నను కొయ్యూరులో నిలబడి వేసి చూద్దాం. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపింది ఇక్కడే. ఆ పితూరీకి దారితీసిన కారణాలలో, పోడుకు సంకెళ్ళు వేసిన 1882 మద్రాసు అటవీ చట్టం ఒకటి. ఆ చట్టం ఉన్నది ఇంగ్లీషులో. కొండవానికి అది అందింది మాత్రం గార్డు హుకుంగా.

నేడు ఈ మన్యం భూమిని కాపాడుతున్నది కూడా ఇంగ్లీషు వాక్యమే. జనం 1/70 చట్టమని పిలిచే నిబంధనల ప్రకారం, ఏజెన్సీలో ఏ 'పర్సన్' అయినా తన భూమిని గిరిజనులకు గాక ఇతరులకు బదిలీ చేస్తే అది చెల్లదు. మరి ప్రభుత్వం 'పర్సన్' అవునా, కాదా? ఇదే మన్యంలోని అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసు ఈ ఒక్క మాట దగ్గర ముడిపడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు అవునంది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు విభేదించారు కూడా. మన పాఠ్యపుస్తకాల్లో 'పర్సన్' ఉత్తమ, మధ్యమ పురుషల దగ్గరే ఆగిపోతుంది!

రాష్ట్రంలో డిగ్రీ చదువులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని 2021లో ప్రభుత్వం నిర్ణయించింది. ఇంటర్వ్యూకు కావలసిన ఇంగ్లీషు నేర్పడం మంచిదే. కొయ్యూరు పిల్లలకు ఉద్యోగాలు వద్దని ఎవరనగలరు? (అనేవారి పిల్లలు కాన్వెంటుల్లో ఉంటారు.) కాని, భూమి నోటీసును, అటవీ హక్కుల దరఖాస్తును, కోర్టు తీర్పును చదివి నిలదీయడం ప్రత్యేక ప్రయోజనం కాదా? సమత తీర్పులో నాలుగు పేరాలు తరగతికి తెచ్చి 'షల్'కూ 'మే'కూ భేదం చూపితే వ్యాకరణమూ వస్తుంది. వాటి అర్థాన్ని విద్యార్థుల చేత తెలుగులోనూ, వారి ఇంటిభాష కువి అయితే అందులోనూ చెప్పించవచ్చు.

ఇంగ్లీషు మేష్టారికి చట్టం తెలియదు కదా అంటారు. హోటలు ఇంగ్లీషు చెప్పేవారు ఏ హోటలు నడిపారు? చట్టం తెలిసిన ప్లీడరునూ, భూమి కేసుకోసం కోర్టు మెట్లెక్కి దిగిన ఊరిపెద్దనూ ఒక పూట తరగతికి పిలవవచ్చు.