ఒకసారి రాస్తే అంతటా నడుస్తుందా?

'ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి.' 1995లో బయటికొచ్చిన జావా భాషకు సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ తగిలించిన నినాదం ఇది. కంప్యూటర్ క్లాసుల్లో మీలో చాలామంది వినే ఉంటారు. ఇది అబద్ధం కాదు గాని, లెక్కలో సగమే చెబుతుంది. ప్రోగ్రాము రాసేవారు ఒకసారి రాస్తే చాలు. దాన్ని నడిపించే జావా వర్చువల్ మెషీన్‌ను మాత్రం ఒక్కో రకం ప్రాసెసర్‌కు ఎవరో ఒకరు విడిగా మలచాలి. ఈ పనినే పోర్టింగ్ అంటారు.

అందులో కష్టమేమిటని మీరు అడగవచ్చు. జావా ప్రోగ్రాము ముందుగా బైట్‌కోడ్ అనే మధ్యస్థ రూపంలోకి మారుతుంది. వర్చువల్ మెషీన్ దాన్ని చదివి, తరచుగా నడిచే భాగాలను అప్పటికప్పుడు ఆ ప్రాసెసర్ యంత్రభాషలోకి మారుస్తుంది. వేగం వచ్చేది ఇక్కడే. చిక్కులు వచ్చేదీ ఇక్కడే.

ఒక ఉదాహరణ చూడండి. ఒక థ్రెడ్ ముందు సమాచారాన్ని మెమరీలో రాసి, తరువాత 'సిద్ధం' అని గుర్తు పెట్టిందనుకుందాం. ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ రెండు రాతలూ మరో థ్రెడ్‌కు అదే వరుసలో కనిపిస్తాయి. ఆర్మ్, పవర్, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు ఆ హామీ ఇవ్వవు. గుర్తు కనిపించినా సమాచారం ఇంకా చేరి ఉండకపోవచ్చు. వరుస తప్పకూడదంటే మధ్యలో ప్రత్యేక ఆదేశం ఉండాలి. ఎక్స్86 కోసం రాసేవారు దాన్ని మరచిపోయినా ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. కొత్త ప్రాసెసర్ మీదికి తెచ్చాక, ఏ వెయ్యిసార్లకో ఒకసారి ప్రోగ్రాము కూలుతుంది. ఏమైందో చూద్దామని మళ్లీ నడిపితే చక్కగా నడుస్తుంది!

2006 నవంబరులో సన్ సంస్థ తన హాట్‌స్పాట్ వర్చువల్ మెషీన్ మూలకోడ్‌ను జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేసింది. అప్పటినుంచి ఈ పనికి బయటివారూ పూనుకోగలిగారు. 64 బిట్ ఆర్మ్ పోర్టు 2017లో జేడీకే 9లో చేరింది. రిస్క్-ఫైవ్ లినక్స్ పోర్టు 2022లో జేడీకే 19లో చేరింది. (ఐఐటీ మద్రాసు వారి శక్తి, సీ-డాక్ వారి వేగ ప్రాసెసర్లు ఈ రిస్క్-ఫైవ్ కుటుంబానివే. అలాగని వాటిలో అన్నీ ఈ పోర్టును నడపగలవని కాదు. అది 64 బిట్ లినక్స్ కోసం చేసినది.)

పోర్టు చేరినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. నా ఆక్షేపణ ఆ తరువాతి మౌనం మీద. మూలకోడ్ తెరిచి ఉంటే చాలు, అది కలకాలం బతుకుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. స్పార్క్ ప్రాసెసర్, సొలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ రెండూ సన్ వారి సొంత సృష్టి, అంటే జావాకు పుట్టింటి చుట్టాలు. కోడ్ తెరిచే ఉన్నా, 2020లో జేడీకే 15 నుంచి ఆ పోర్టులను తీసేశారు. లైసెన్సు మార్చుకునే హక్కు ఇస్తుంది గాని, మార్చే మనిషిని ఇవ్వదు.

భాషకు కొత్త సదుపాయం కలిసినప్పుడల్లా ప్రతి పోర్టులోనూ పని పెరగవచ్చు. 2023లో జేడీకే 21తో పూర్తిస్థాయిలో వచ్చిన వర్చువల్ థ్రెడ్లనే తీసుకోండి. 32 బిట్ విండోస్ పోర్టులో వాటిని నిజంగా అమలు చేయలేదు, మామూలు థ్రెడ్లతోనే సరిపెట్టారు. ఆ పోర్టు 2025 మార్చిలో జేడీకే 24తో పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో జేడీకే 25తో 32 బిట్ ఎక్స్86 పోర్టు మొత్తంగా పోయింది. చూసేవారు లేని కోడ్‌ను ఉన్నట్టు చూపించడం కంటే తీసేయడమే నిజాయితీ అని నేననుకుంటాను. కాకపోతే 'ఎక్కడైనా' అన్న మాట అప్పుడు ఎవరి నోటా వినిపించలేదు.

మీ స్కూల్లోనో ఆఫీసులోనో అలాంటి 32 బిట్ యంత్రం ఇంకా పనిచేస్తుంటే, పాత జేడీకేతో సర్దుకోవాలి. కొత్తదే కావాలంటే జీరో అనే పోర్టు ఉంది. అది ఏ ప్రాసెసర్ అసెంబ్లీ భాషనూ దాదాపు నమ్ముకోకుండా, బైట్‌కోడ్‌ను సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఇంటర్‌ప్రిటర్‌తో నడుపుతుంది. అందుకే బాగా నెమ్మది.