ఉచిత టీవీ పెట్టె - ఆదరణ, నిరాదరణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

టవర్ నుండి వెలువడే డిజిటల్ ప్రసారాన్ని ఇంటి యాంటెన్నాతో అందుకొనే రిసీవర్లు కొన్ని దేశాలలో ఇంటింటికీ చేరాయి. మరికొన్నిచోట్ల దాదాపు గుర్తింపు లేకుండానే మిగిలాయి. ఈ వ్యత్యాసానికి వినియోగదారుల అవగాహనలోపమే కారణమనే అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్రిటన్, అమెరికా, భారతదేశాల అనుభవాలను పోల్చి, రిసీవర్ భవితవ్యాన్ని దాని ధర కంటే ప్రసారాంశం, సంకేతబలం, ప్రమాణాల స్థిరత్వం ఎక్కువగా నిర్ణయిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భూతల ప్రసారం, డిజిటల్ రిసీవర్, సెట్‌టాప్ బాక్స్, దూరదర్శన్, ఫ్రీవ్యూ, ఫ్రీ డిష్.

1. ప్రవేశిక:

గాలివానకు డాబా మీది యాంటెన్నా పక్కకు తిరిగితే ఒకరు పైకెక్కి దాన్ని సరిచేయడం, బొమ్మ కుదిరిందో లేదో మరొకరు కిందినుండి కేకవేసి చెప్పడం ఒక తరం తెలుగు ఇళ్లకు పరిచితమైన దృశ్యం. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1990లలో కేబుల్ విస్తరించడంతో ఆ యాంటెన్నాలు క్రమంగా కనుమరుగయ్యాయి. తరువాత భూతల ప్రసారం డిజిటల్ రూపంలో తిరిగి వచ్చినా, ఆ మార్పు జరిగినట్లు చాలామందికి తెలియనే లేదు.

దీనికి సాధారణంగా చెప్పే కారణాలు రెండు. ఒకటి ప్రచారం చాలకపోవడం. రెండవది పెట్టె ధర భారం కావడం. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. అయితే ఈ రెండూ లోపాన్ని కొనుగోలు వేళకే పరిమితం చేస్తాయి. అంతకు ముందే జరిగిపోయిన నిర్ణయాలు వీటి దృష్టికి రావు.

2. బ్రిటన్ - ఒకే పెట్టె, రెండు ఫలితాలు:

బ్రిటన్‌లో ఆన్‌డిజిటల్ సంస్థ 1998 నవంబరులో భూతల డిజిటల్ సేవను చందా పద్ధతిలో ప్రారంభించింది. ఉపగ్రహ ప్రసారసంస్థ స్కైతో పోటీపడుతూ 1999లో పెట్టెలను ఉచితంగా ఇచ్చింది. 2001లో ఐటీవీ డిజిటల్‌గా పేరు మార్చుకొంది. ఫుట్‌బాల్ లీగ్ ప్రసారహక్కులకు 3 సంవత్సరాలకు 31.5 కోట్ల పౌండ్లు చెల్లించేందుకు ఒప్పుకొని, ఆ భారం మోయలేక 2002 వసంతంలో మూతపడింది.

అదే సంవత్సరం అక్టోబరు 30న బీబీసీ, క్రౌన్ క్యాజిల్, స్కై కలిసి ఫ్రీవ్యూను ఆరంభించాయి. దీనికి నెలవారీ చందా లేదు. కాని పెట్టెను వినియోగదారుడే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఉచితంగా పంచిన పెట్టె సంస్థను కాపాడలేకపోగా, డబ్బిచ్చి కొనవలసిన పెట్టె కొద్ది సంవత్సరాలలోనే దేశమంతటా వ్యాపించింది. మూతపడిన సంస్థ పెట్టెలు సైతం ఫ్రీవ్యూ ఉచిత చానళ్లను అందుకోగలిగాయి. యంత్రం మారకుండానే ఫలితం మారింది కనుక కారణాన్ని యంత్రానికి వెలుపల వెదకాలి.

మారినవి ప్రధానంగా రెండు. మొదటిది షరతు: ఒకసారి కొంటే ఆపై చెల్లింపు లేదు. రెండవది సంకేతం: పలు ప్రసారవాహికలలో 64 స్థితుల సంకేతీకరణకు బదులు 16 స్థితుల పద్ధతిని అనుసరించారు. దీనివల్ల చానళ్ల సంఖ్య తగ్గినా బొమ్మ నిలకడ పెరిగింది. ఈ రెండవ మార్పు సాధారణ చర్చలలో తగినంతగా ప్రస్తావనకు రాదు. పాత అనలాగ్ ప్రసారంలో సంకేతం బలహీనపడితే బొమ్మ మసకబారేది, చుక్కలు పడేవి, అయినా కార్యక్రమం సాగేది. డిజిటల్‌లో సంకేతం ఒక హద్దు దాటి తగ్గితే బొమ్మ ముక్కలై ఆగిపోతుంది. లోపం యాంటెన్నాలో ఉన్నా ఇంటివారు పెట్టెనే నిందిస్తారు. తక్కువ చానళ్లను స్థిరంగా అందించాలన్న నిర్ణయం వినియోగదారుడి అసలు అవసరాన్ని గుర్తించింది.

3. అమెరికా - నిర్బంధం, సహాయం, తాళం:

అమెరికాలో పూర్తిశక్తి కేంద్రాల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12న ముగిశాయి. అంతకుముందే, 2007 మార్చి నుండి, కొత్త టీవీలన్నింటిలో డిజిటల్ ట్యూనర్ తప్పనిసరి అయింది. పాత టీవీలు గల ఇళ్లకు ప్రభుత్వం ఒక్కొక్కటి 40 డాలర్ల విలువగల కూపన్లను ఇంటికి రెండు చొప్పున ఇచ్చింది. ఇక్కడ పెట్టె విస్తరించడానికి కారణం ఆకర్షణ కాదు. గడువు, దానికి తోడైన సహాయం. పాత టీవీలో ఇంతకాలం చూస్తున్నదానిని పోగొట్టుకోకుండా ఉండటమే ఆ కొనుగోలు ప్రయోజనం.

2017లో అనుమతి పొందిన కొత్త ప్రమాణం ఏటీఎస్‌సీ 3.0 విషయంలో ఇవేవీ లేవు. ఇది స్వచ్ఛందం, పాత ట్యూనర్లు దీనిని చదవలేవు. పైగా కొన్ని కేంద్రాలు ఉచిత ప్రసారానికి సైతం రక్షణసంకేతం జోడించడంతో, ముందుగా ఉత్సాహపడి కొన్నవారిలో కొందరి పెట్టెలు ఆ చానళ్లను చూపలేకపోయాయి. పేటెంట్ వివాదం కారణంగా ఎల్‌జీ సంస్థ తన 2024 అమెరికా మోడళ్లలో ఈ ట్యూనర్‌ను విరమిస్తున్నట్లు ప్రకటించింది. ప్రమాణమే కుదురుకోనప్పుడు కొనుగోలును వాయిదా వేయడం అజ్ఞానం కాదు, వివేకం.

4. భారతదేశం - ఆలస్యంగా తెరుచుకొన్న తలుపు:

దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాలలో భూతల డిజిటల్ ప్రసారాన్ని మొబైల్ ఫోన్లకు కూడా అందేలా ప్రారంభించింది. ఫోన్‌లో చూడాలంటే దానికి ప్రత్యేకంగా ఒక డాంగిల్ తగిలించాలి. అందులో లభించినవి కొద్దిపాటి దూరదర్శన్ చానళ్లే. అదే ఏడాది సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌక కావడం మొదలైంది. డాంగిల్ తీర్చదలచిన అవసరం మరో దారిలో తీరసాగింది.

కాలక్రమం కూడా ప్రతికూలించింది. కేబుల్ డిజిటలీకరణ రెండవ దశలో, 2013 నాటికే, హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల ప్రేక్షకులు చట్టరీత్యా సెట్‌టాప్ బాక్సులు కొనవలసి వచ్చింది. ఒక పెట్టెకు డబ్బు పెట్టిన ఇల్లు, అంతకంటే తక్కువ చానళ్లిచ్చే మరొక పెట్టెను కోరుకోదు. కేబుల్‌కు ముందే భూతల డిజిటల్ వచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని నిర్ధారించలేము. కాని పోటీ సమస్థితిలో మొదలవలేదన్నది స్పష్టం.

దీనికి భిన్నంగా అదే ప్రసారసంస్థ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా ప్రారంభించిన ఉపగ్రహసేవ, డీడీ ఫ్రీ డిష్ పేరుతో, కోట్ల ఇళ్లకు చేరింది. దానికీ పెట్టె, డిష్ కొనాలి. దానికీ నెలసరి చందా లేదు. ప్రధానమైన తేడా ప్రైవేటు చానళ్లు కూడా అందులో ఉండటం. ప్రభుత్వ సేవ కావడమే వైఫల్యకారణం అనే వాదన ఈ ఉదాహరణ ముందు నిలవదు.

5. తెలుగు ప్రేక్షకుడి స్థానం:

ఫ్రీ డిష్ విజయాన్ని కూడా యథాతథంగా స్వీకరించలేము. అందులోని ప్రైవేటు చానళ్లలో అధికభాగం హిందీవి. తెలుగువారికి దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి లభిస్తున్నా, వారు అలవాటుపడిన వినోదచానళ్లకు చందా చెల్లించక తప్పని పరిస్థితి చాలావరకు కొనసాగుతున్నది. ఒకే పెట్టె, ఒకే ధర అయినా దాని విలువ భాషను బట్టి మారుతున్నది. ప్రసారాంశమే నిర్ణాయకమన్న ప్రతిపాదనకు ఇది మన సమీపంలోని నిదర్శనం. నెలనెలా చందా కట్టలేని తెలుగు ఇంటికి ‘ఉచితం’ అనే మాట హిందీ ప్రాంతంలో ఇచ్చే అర్థాన్ని ఇవ్వడం లేదు.

6. ముగింపు:

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. పెట్టెను ఉచితంగా ఇవ్వడం మాత్రమే ఆదరణను తేలేదు. చందా లేని హామీ, నిలకడైన సంకేతం, ప్రేక్షకుడు కోరే కార్యక్రమాలు కలిసినప్పుడు అతడు సొంత డబ్బు వెచ్చించడానికి వెనుకాడలేదు. కనుక రిసీవర్ల వైఫల్యాన్ని వినియోగదారుల నిరాసక్తతగా పేర్కొనడం కారణాన్ని ఫలితంలో వెదకడమే అవుతుంది. దూరదర్శన్ అనలాగ్ టవర్లలో అత్యధికం 2022 నాటికి మూతపడిన నేపథ్యంలో, ఉచిత టెలివిజన్ గురించిన చర్చ పెట్టె ధర దగ్గర ఆగకుండా, ఏ భాషలో, ఏ కార్యక్రమాలు, ఎవరికి ఉచితం అనే ప్రశ్నతో మొదలు కావలసి ఉంది.