ఎవరి సొమ్ము? ఎవరి ప్రశ్న?

కృత్రిమ మేధ సమాజాన్ని ఏం చేస్తున్నదో పరిశీలించే పత్రికా రచయితలకూ పరిశోధకులకూ ఇటీవల సహాయధనం ప్రకటించే సంస్థలు పెరిగాయి. వాటికి దరఖాస్తు పెట్టవచ్చునా, కూడదా అని మన విద్యార్థులు కొందరు నన్ను అడిగారు. ఇటువంటి ప్రశ్నకు సూత్రాలు వల్లించి జవాబు చెప్పడం తేలిక. ఆ డబ్బుతో జరిగిన పని ఒకదాన్ని ముందు పెట్టుకుని పరీక్షించడం మేలు.

విదేశీ ధనం మీద మనవారికి గల అనుమానం ఊరికే పుట్టలేదు. సాంస్కృతిక స్వాతంత్ర్యం పేరు చెప్పి అనేక దేశాల్లో పత్రికలను పోషించిన సొమ్ము అమెరికా గూఢచారి శాఖదని 1966, 67 సంవత్సరాల్లో బయటపడింది. ఆ గుణపాఠం మరవవలసింది కాదు. అయితే అనుమానం విమర్శకు ఆరంభమే గాని ముగింపు కాదు. సొమ్ము పుట్టుక చూసి రచనను కొట్టివేయడం, కులం చూసి మనిషిని కొట్టివేయడం వంటిదే.

వాషింగ్టన్‌లోని పులిట్జర్ సెంటర్ 2022లో కృత్రిమ మేధ జవాబుదారీ కోసం విలేఖరులకు సహాయం మొదలుపెట్టింది. ఆ సహాయంతో మన దేశపు రిపోర్టర్స్ కలెక్టివ్ వారు తెలంగాణలోని 'సమగ్ర వేదిక' మీద పరిశోధన చేశారు. అది 2024 జనవరిలో అల్ జజీరాలో వెలువడింది. సమగ్ర వేదిక అంటే, వేరు వేరు ప్రభుత్వ శాఖల పట్టికలను కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది అని తేల్చే యంత్రగణనం. రిక్షా తొక్కిన మనిషి పేరును దానికి దగ్గరగా వున్న కారు యజమాని పేరుతో ఈ యంత్రం ముడివేసింది. ఆ రిక్షా కార్మికుని కుటుంబానికి బియ్యం ఆగిపోయింది. 2014కూ 2019కీ మధ్య తెలంగాణలో రద్దయిన ఆహారభద్రత కార్డులు 18 లక్షల పైచిలుకు. రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఈ పరిశోధన మంచి పని. ఒక ఇంటి ఆకలి నుంచి ఒక పాలనా విధానం దాకా అది దారి చూపింది. అందుకు కావలసినది ప్రతిభ ఒక్కటే కాదు, తీరిక. సమాచార హక్కు కింద అర్జీలు పెట్టి, కాదన్నచోట మళ్లీ అడిగి, నెలల తరబడి ఒకే విషయం మీద తిరగగల తీరిక. మా ముదినేపల్లి వంటి మండలంలో దినపత్రికకు వార్తలు రాసే కంట్రిబ్యూటరుకు లైన్ అకౌంటు తప్ప జీతం వుండదు. పైగా ప్రకటనలు తానే సేకరించాలి. అతనికి తెలియక కాదు, తీరిక లేక రాయడు. తీరికను కొనేది డబ్బు. మన పత్రికల యజమానులు ఆ ఖర్చు పెట్టరు గనుక వాషింగ్టన్ పెట్టింది.

ఇక లోపాలు. మొదటిది భాష. తెలుగువాడి బియ్యం గురించిన ఈ రచన ముందుగా ఇంగ్లీషులో, ఖతార్ ప్రభుత్వ ధనంతో నడిచే సంస్థలో వెలువడింది. రెండవది లోతైనది. 'జవాబుదారీ' అన్న మాటలోనే ఒక హద్దు వుంది. యంత్రం తప్పు చేసిందని నిరూపిస్తే, దిద్దుకుంటామని ప్రభుత్వం అంటుంది. తప్పు చేయని యంత్రం వస్తే? అప్పుడు పేదవాణ్ణి కచ్చితంగా ఏరివేస్తుంది. ఏరివేయడం ఎందుకు అన్న ప్రశ్న మిగిలే వుంటుంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019 తర్వాత మన రాష్ట్రంలో ఆరంచెల పరిశీలన వచ్చింది. నెలకు 300 యూనిట్ల కరెంటు, నాలుగు చక్రాల బండి, భూమి లెక్క చూసి అర్హత తేల్చారు. అందులో మేధ ఏమీ లేదు, పట్టికలు కలపడమే. కాని ఒకే మీటరు కింద రెండు కాపురాలున్న చేపల చెరువు కూలీకి రెండూ ఒకటే: సచివాలయంలో తెర మీద 'అనర్హులు' అన్న మాట. ఈ లెక్క ఎవరు రాశారని అతని తరఫున అడిగే పరిశోధకుడికి నిధి ఏది?

ప్రభుత్వం వైపు చూద్దాం. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కు సుమారు 10,372 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో 'సురక్షిత, విశ్వసనీయ' మేధకు కేటాయించినది 20 కోట్ల చిల్లర. నూరు రూపాయలకు ఇరవై పైసలు! కంపెనీల వైపు చూస్తే, 2023లో ఓపెన్ ఏఐ సంస్థ అమెరికాలో స్థానిక పత్రికల కోసం 50 లక్షల డాలర్లిచ్చింది. తన యంత్రాన్ని వాడి చూడడానికి. ప్రశ్నించడానికి కాదు.

కనుక నా జవాబు ఇది. దరఖాస్తు పెట్టండి. కాని ప్రశ్న మీరు రాసుకుని వెళ్లండి. వారి ప్రకటనలోంచి ఎత్తి రాయకండి. డబ్బు ఎవరిదో రచనలోనే చెప్పండి. ఫలితం తెలుగులో, కార్డు పోయినవారి వీధిలో చదివి వినిపించండి. దానితో పాటు, మన విశ్వవిద్యాలయాల్లో ప్రభుత్వ శాఖల చేతికి చిక్కని ప్రజాధనం ఈ పరిశోధనకు కావాలని ఉపాధ్యాయ, విద్యార్థి సంఘాలు పోరాడాలి. అంతవరకూ ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఒక్కొక్క ఊళ్లో ఎన్ని కార్డులు పోయాయి, ఏ కారణం చూపారు అని రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం, నాలుగు ఆదివారాలు చాలు.