సంతాన నిర్ణయం – దంపతుల సంవాదం: ఆదిపర్వం, కళాపూర్ణోదయం

వ్యాస సారాంశం:
సంతానం కోసం వైద్యాన్ని ఆశ్రయించాలనే నిర్ణయం దంపతులిద్దరిదీ అంటాం. అయితే ఆ నిర్ణయాన్ని మోసే శరీరం ఎవరిది? ఆపే హక్కు ఎవరిది? పాండురాజు–కుంతి సంవాదాన్ని, పింగళి సూరన కల్పించిన సుముఖాసత్తి–మణిస్తంభుల వృత్తాంతాన్ని ఈ ప్రశ్నలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సంతానం, సమ్మతి, కుంతి, పింగళి సూరన, నంద్యాల.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'గొడ్రాలు' అనే మాట ఉంది. పిల్లలు లేని పురుషుణ్ణి నిందించడానికి అంతగా వాడుకలో ఉన్న మాట లేదు. లోపం ఎవరిదైనా నింద స్త్రీకే చెందుతుందని భాషే తీర్పు చెప్పినట్లయింది. 1978లో తొలి పరీక్షనాళిక శిశువు జన్మించిన తరువాత వైద్యం ఎంతో మారింది, కానీ ఈ తీర్పు అంతగా మారలేదు.

2. కుంతి: అంగీకారం, హద్దు:
ఆదిపర్వ కథలో అవరోధం పాండురాజుది. కిందముని శాపం వల్ల అతడు భార్యలతో కలవలేడు. అయినా సంతానానికి మార్గం కుంతి శరీరం గుండానే సాగాలి. ఆమె వెంటనే ఒప్పుకోదు. వ్యుషితాశ్వుని కథ చెప్పి, పరపురుషుని ప్రసక్తి లేకుండా భర్త తపోబలంతోనే సంతానం పొందవచ్చు కదా అని వాదిస్తుంది. పాండురాజు శ్వేతకేతువు వృత్తాంతంతో బదులిస్తాడు. ఆ తరువాతే ఆమె దూర్వాసుని మంత్రం సంగతి చెబుతుంది. అప్పుడు కూడా కర్ణుని జననాన్ని దాచుకుంటుంది. దంపతుల సంవాదంలోనూ స్త్రీ బయటపెట్టలేని గతం ఒకటి మిగిలింది.

వ్యాసభారతంలో ఈ ఘట్టానికి అసలు బలం తరువాత కనిపిస్తుంది. ముగ్గురు కొడుకులు పుట్టాక భర్త ఇంకా కోరితే కుంతి నిరాకరిస్తుంది. మాద్రికి కవలలు కలిగిన తరువాత ఆమె కోసం మరోసారి అడిగినా ఒప్పుకోదు. విమర్శకులు నియోగ ధర్మాన్ని చర్చించినంతగా ఈ నిరాకరణను చర్చించవలసి ఉంది. మొదలుపెట్టడానికి ఇచ్చిన అంగీకారం ఎన్నిసార్లకైనా చెల్లే అంగీకారం కాదని కుంతి నిలబెట్టింది.

3. సూరన: తారుమారైన పాత్రలు:
బెలుం గుహలున్న నేటి నంద్యాల జిల్లాకు ఈ చర్చలో ఒక సాహిత్య బంధం ఉంది. పింగళి సూరన 16వ శతాబ్దంలో కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. అందులో కళాపూర్ణునికి సుముఖాసత్తి తండ్రి, మణిస్తంభుడు తల్లి. దంపతులు స్త్రీపురుష రూపాలు మార్చుకోవడమే ఇందుకు కారణం. ఇది అద్భుతరస నిర్వహణలో భాగం. దీనిని ఆధునిక వైద్యానికి ముందస్తు సూచనగా చదవడం కాలవిరుద్ధం. కానీ కుంతి కథ మార్చలేకపోయిన ఒక విషయాన్ని సూరన కల్పన మార్చింది. గర్భభారం భర్తకు చేరింది. మాతృత్వం, పితృత్వం శరీరాలకు శాశ్వతంగా అంటిన పేర్లు కాక, ఇద్దరూ పంచుకోగల పాత్రలుగా ఊహకు అందాయి.

4. వర్తమాన అన్వయం:
వాస్తవంలో ఆ మార్పిడి లేదు. లోపం భర్త శుక్రకణాలదైనప్పుడు కూడా, ఒక్క శుక్రకణాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో హార్మోన్ సూదులు, అండ సేకరణ భార్యకే. పాండురాజు శాపానికి కుంతి మంత్రం జపించవలసి వచ్చినట్లే ఇది.

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక నియంత్రణ చట్టం సంబంధితులందరి లిఖితపూర్వక సమ్మతిని తప్పనిసరి చేసింది. పిండాన్ని గర్భాశయంలోకి పంపేలోగా ఆ సమ్మతిని వెనక్కు తీసుకునే వీలునూ కల్పించింది. అయితే అత్తవారింటి మౌనం, బంధువుల ఆరాలు, చేసిన అప్పు ఆ పత్రంలో కనిపించవు. ఒక ప్రయత్నం విఫలమైతే "ఇంకొక్కసారి" అనే మాటకు బదులు చెప్పవలసింది ఆమే.

5. ముగింపు:
సంతాన చికిత్సను కోరడం తప్పు కాదు, వద్దనుకోవడమూ లోపం కాదు. నిర్ణయం నిజంగా ఇద్దరిదా అని తేల్చేది మొదటి సంతకం కాదు. భార్య "ఇక చాలు" అన్నప్పుడు ఆ మాటకు ఇంట్లో దక్కే విలువే దానిని తేలుస్తుంది. ఆ మాట చెప్పగల స్త్రీని భారతం చూపింది. భారాన్ని తనపై వేసుకున్న పురుషుణ్ణి సూరన ఊహించాడు. ఈ రెంటినీ కలిపి చదివినప్పుడే 'దంపతుల నిర్ణయం' అనే పదబంధానికి పూర్తి అర్థం సమకూరుతుంది.