కెమెరా ఎంత ఎత్తులో ఉండాలి

జడ్చర్లలో ఫోన్ పట్టుకుని ఊరి వార్తలు తీయడం మొదలుపెట్టిన డిగ్రీ పిల్లలకు నేను మొదట చూపించేది టీవీ చానళ్ల పని కాదు, పస్తాపూర్ ఆడవాళ్ల పని. జహీరాబాద్ పక్కనున్న ఆ ఊళ్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి నడుస్తోంది, దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తోంది. 1998 ప్రాంతంలో ఆ సంఘాల ఆడవాళ్లు కొందరు వీడియో తీయడం నేర్చుకున్నారు. 2001లో వాళ్లతోనే కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వాళ్లలో చాలామందికి చదువు రాదు. 2008లో సంఘం రేడియో కూడా మొదలైంది.

కెమెరాను ఎదుటి మనిషి కంటికి సరిసమానంగా నిలిపి తీస్తే వాళ్లకది సంఘం షాట్. ఒకరు పైన, ఒకరు కింద అనిపించేలా తీస్తే పటేల్ షాట్, అంటే దొర షాట్. ఎవరి ముందు ఎలా నిలబడాలో ఊళ్లో బతుకంతా చూసినవాళ్లు కాబట్టి, కోణం మారితే మర్యాద మారుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వాళ్ల నైపుణ్యం నాకు అన్నింటికన్నా బాగా కనిపించేది బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల మీద తీసిన చిత్రంలో. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన ఈ బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. అప్పట్లో ఒక్క విత్తనాల ప్యాకెట్టే 1600 రూపాయలు. మామూలుగా రిపోర్టర్లు పంట పోయాక వస్తారు. వీళ్లు చేను పచ్చగా ఉన్నప్పుడే వెళ్లి, అదే రైతుల దగ్గరికి నెలనెలా పోతూ ఆ సీజన్ చివరిదాకా తీశారు. అందుకే రైతు ఆశా, తర్వాత అతని కోపమూ రెండూ వాళ్ల టేపులో ఉన్నాయి. పైగా అడిగేవాళ్లూ సేద్యం చేసేవాళ్లే. పెట్టుబడి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుసు.

ఈ పనితనం మా జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్ యార్డుకు అచ్చంగా సరిపోతుంది. 2016లో ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో చేరిన తొలి మార్కెట్లలో ఇదొకటి. పల్లికాయ వచ్చే రోజుల్లో మా విద్యార్థిని ఒకమ్మాయి అక్కడ తీసిన మొదటి వీడియోలో రైతు కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు, ఆమె నిలబడి మైకు కిందికి చాపింది. తెర మీద అతని తలపాగా తప్ప ముఖమే లేదు. రెండోసారి తనూ గొంతుక్కూర్చుంది. అతను తేమ సంగతి, హమాలీ ఖర్చు, కాంటా దగ్గర ఆలస్యం వరసగా చెప్పుకుపోయాడు. చివర జేబులోంచి అమ్మకం లెక్క రాసిన చీటీ అయిన తక్‌పట్టీ తీసి తనే కెమెరా ముందు పెట్టాడు. తూకం, ధర, కోతలు చదవడానికి వీలుగా ఆమె ఫోన్‌ను కదలకుండా పట్టుకుంది. యార్డు వార్తకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? వెనక సంగీతం పెట్టకపోవడం కూడా నాకు ఎంతో నచ్చింది. కాంటా దగ్గరి కేకలే చాలినంత చెబుతున్నాయి.

పస్తాపూర్ ఆడవాళ్లలా మళ్లీమళ్లీ వెళ్లడమే కష్టం. మా పక్కనే ఉన్న పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) కింద భూములు పోయినవాళ్ల ఇళ్లకు ధర్నా జరిగిన రోజునే కాదు, ఏ సంగతీ లేని రోజునా పోవాలి. యార్డులో వీడియో తీసిన ఆ అమ్మాయి మాత్రం ఆ రైతు యాసంగి పల్లి అమ్మేదాకా వదలనంటోంది. విత్తనం కొన్న రసీదును ఇప్పటికే వీడియో తీసి పెట్టుకుంది.