శ్వాస మీద ధ్యాస: ఒక విమర్శ

బౌద్ధుల పాళీ గ్రంథాలలో 'ఆనాపానసతి' అనే ధ్యానపద్ధతి ఒకటి ఉన్నది. లోపలికి వచ్చే గాలిని, వెలుపలికి పోయే గాలిని గమనిస్తూ కూర్చోవడమే దీని తొలిమెట్టు. గాలిని బిగబట్టడం గాని, లెక్కకట్టి వదలడం గాని ఇందులో లేదు. ప్రాణాయామానికీ దీనికీ గల ముఖ్యమైన భేదం ఇదే.

తెలుగునాట ఈ పద్ధతి ముఖ్యంగా రెండు దారుల వెంట వ్యాపించింది. 1976లో హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద, గోయెంకా గారి విపశ్యన కేంద్రం 'ధమ్మఖేత్త' వెలసింది. అక్కడి పదిరోజుల శిక్షణలో మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడంతోనే గడుస్తాయి. రెండవ దారి బోధను ప్రాంతంలో 1947లో పుట్టిన సుభాష్ పత్రి గారిది. 1990లో కర్నూలులో ఆరంభించి 2022లో కన్నుమూసే వరకు ఆయన ఈ పద్ధతిని ఊరూరా ప్రచారం చేశారు. 'శ్వాస మీద ధ్యాస' అనే మాటను జనం నోట నిలిపినవారు ఆయనే. సిద్దిపేటలో కోమటి చెరువు కట్ట మీదికి తెల్లవారుజామున నడవడానికి వచ్చే వారిలో పాళీ పేరు తెలిసినవారు కొద్దిమందే ఉండవచ్చును. ఈ తెలుగు మాట వినని వారు అరుదు.

మాట మంచిది. దాని చుట్టూ అల్లుతున్న వ్యాఖ్యానమే పరీక్షకు నిలవడం లేదు.

ధ్యానం వల్ల శరీరానికి ఆమ్లజని ఎక్కువగా అందుతుందనీ, మేలంతా అందువల్లనే కలుగుతుందనీ తరచు చెబుతుంటారు. లెక్క చూడండి. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 సార్లు, ప్రతిసారి 500 ఘనసెంటీమీటర్ల గాలి పీలుస్తారు. అందులో 150 వరకు గొంతులోను, గాలిగొట్టాలలోను ఉండిపోతుంది, రక్తాన్ని చేరదు. మిగిలిన 350ని 12తో గుణిస్తే 4,200. అదే మనిషి నిమిషానికి 6 సార్లు మాత్రమే, నిండుగా 1,000 చొప్పున పీలిస్తే, 850ని 6తో గుణించగా 5,100 వస్తుంది. కాబట్టి నిదానపు ఊపిరి కొంత పొదుపైనదే. అయితే ఆరోగ్యవంతుని ధమనీరక్తంలోని రక్తవర్ణకం ఆమ్లజనితో అప్పటికే నూటికి 97, 98 పాళ్ళు నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకెన్ని చెంబులు పోసినా ఏమి లాభం? పైగా అవసరానికి మించి వేగంగా పీల్చినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. దీనినే కొందరు 'శక్తి ప్రవాహం' అనుకుంటారు. ఇది కేవలం రసాయనిక వ్యవహారం.

మరి ఊపిరి నిదానిస్తే మనసు కుదుటపడడం అబద్ధమా? కాదు. గాలి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు మీద వేలు పెట్టుకొని ఎవరైనా పరీక్షించుకోవచ్చును. వేగస్ నాడి పట్టు ఊపిరితో పాటు బిగిసి సడలడమే దీనికి ముఖ్యకారణం. 2001లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బెర్నార్డి, ఆయన సహచరులు 23 మంది చేత క్రైస్తవుల జపమాల ప్రార్థననూ, 'ఓం మణి పద్మే హూం' మంత్రాన్నీ చదివించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఇంచుమించు ఆరుకు దిగింది. రక్తపుపోటును సర్దుబాటు చేసే నాడీయంత్రాంగం చురుకెక్కింది. గుణం మంత్రార్థానిది కాదు, దాని నిడివిది! 2017లో అమెరికా పరిశోధకులు ఎలుకల మెదడుకాండంలో ఊపిరి లయను పుట్టించే చోట ఒక చిన్న కణసమూహాన్ని గుర్తించారు. ఊపిరి వేగాన్ని గురించిన వార్త దీని ద్వారా మెలకువను రెచ్చగొట్టే కేంద్రానికి చేరుతుంది. ఆ కణాలను తొలగిస్తే ఎలుకలు నెమ్మదించాయి. మనుష్యులలోనూ ఇట్లే జరుగుతుందని ఇంకా రుజువు కాలేదు.

అయితే ఇవి నిదానంగా ఊపిరి తీయడం వల్ల కలిగే ఫలితాలు, గమనించడం వల్ల కలిగేవి కావు. తెలుగు వ్యాఖ్యాతలు ఈ రెంటినీ కలగలపడం పెద్ద లోపం. ఇక పిరమిడు ఆకారం కింద కూర్చుంటే ధ్యానశక్తి రెట్టింపవుతుందనే సిద్ధాంతం మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టనక్కరలేదు. ఆ శక్తిని ఏ పరికరంతో, ఏ కొలమానంతో కొలిచారో చెప్పేవరకు అది కప్పును గురించిన అభిరుచి మాత్రమే.

భాషలోనూ ఒక చిక్కు ఉన్నది. 'సతి' అనే పాళీ మాటకు సంస్కృతరూపం 'స్మృతి', అనగా జ్ఞాపకం. 'ధ్యాస' అనగానే మనసును ఒకచోట గుచ్చిపెట్టడమనే భావం వస్తుంది. మనసు జారగానే తాను ఓడిపోయానని సాధకుడు నిరాశపడతాడు. సిద్దిపేట మాటలో చెప్పాలంటే ఆనాపానసతి ఊపిరిని 'యాదిలో పెట్టుకోవడం'. మరచిపోవడం, మళ్ళీ యాదికి తెచ్చుకోవడం, ఈ తిరిగిరావడమే అభ్యాసం. మజ్ఝిమనికాయంలోని ఆనాపానసతి సూత్రంలో 16 మెట్లున్నవి. శరీరం, అనుభూతి, చిత్తం, ధర్మాలు అని నాలుగు నాలుగుగా సాగుతాయి. నినాదం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

'వర్తమానంలోనే జీవించు' అనే ఉపదేశానికి ఆధారంగా 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనను చూపుతుంటారు. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనేవారు 2,250 మందిని వేళగానివేళ ఫోను ద్వారా పలకరించి, ఏమి చేస్తున్నారు, ఏమి ఆలోచిస్తున్నారు, ఎట్లున్నారు అని అడిగారు. మెలకువ వేళలో సుమారు 47 శాతం మనసు చేతిలోని పని మీద లేదు. అట్టి వేళల్లో సంతోషం తక్కువగా ఉన్నది. విలువైన పరిశోధనే. కాని రేపటి ఆలోచన దుఃఖకారణమని అది రుజువు చేయలేదు. మృగశిర కార్తెకు ముందే విత్తనాన్ని గురించి ఆలోచించని రైతు వర్తమానంలో ఎంత ప్రశాంతంగా ఉంటే మాత్రం ఏమి పండుతుంది? సిద్దిపేట గొల్లభామ చీర నేసే చేయి బొమ్మ దగ్గర రంగుపోగులను ఒక్కొక్కటిగా ఎక్కిస్తుంది. ధ్యాస పోగు మీదనే ఉన్నది. కాని బొమ్మ పూర్తి రూపం ముందే మనసులో లేకపోతే ఆ పోగు ఎక్కడ పడాలో తెలియదు. అవధానమూ, ముందుచూపూ ఒకదానికొకటి శత్రువులు కావు. తిరగలిలా తిరిగే దిగులు వేరు, ఆలోచన వేరు. దిగులును గుర్తించి పక్కకు పెట్టగలగడమే ధ్యానం ఇవ్వగలిగినది.

అది ఎంతవరకు ఇస్తున్నది? 2014లో అమెరికా వైద్యపరిశోధకులు 3,515 మంది పాల్గొన్న 47 ప్రయోగాలను కలిపి పరిశీలించారు. ఆందోళన, దిగులు, నొప్పి విషయంలో ధ్యానం కొంత మేలు చేస్తున్నదని తేలింది. వ్యాయామం, మందులు వంటి చికిత్సలకన్న మిన్న అనడానికి ఆధారం దొరకలేదు. 2022లో వెలువడిన మరొక ప్రయోగంలో 276 మంది ఆందోళనరోగులలో కొందరికి ఎస్సిటాలోప్రాం మాత్రలు, కొందరికి 8 వారాల ధ్యానశిక్షణ ఇచ్చారు. ధ్యానం మాత్రకు తీసిపోలేదు. అయితే అక్కడ వారానికొక తరగతితో పాటు ఇంటివద్ద రోజూ ముప్పావుగంట సాధన ఉన్నది. తీరికైనప్పుడు కూర్చునే పది నిమిషాలకు ఈ ఫలితం వర్తించదు. ధ్యానం చేసినవారిలో సుమారు 8 శాతం మందికి ఆందోళన, దిగులు వంటి ఇబ్బందులు కలిగినట్లు 2020 నాటి ఒక సమీక్ష తెల్పుతున్నది. లోగడ పెద్ద దెబ్బ తిన్న మనసుకూ, మతిభ్రమ కలిగినవారికీ కళ్ళు మూసుకొని లోపలికి చూడడం ఒక్కొక్కప్పుడు ప్రమాదం.

'సర్వరోగ నివారిణి' అనే మాట అసలు ప్రమాదకరం కావడానికి కారణం రక్తపుపోటు. అది సాధారణంగా బాధ పెట్టదు. మాత్ర మానిన మనిషి పొద్దున్నే ధ్యానం చేసి లేస్తే మనసు నిజంగానే తేలికగా ఉంటుంది, లోపల పోటు పెరుగుతూనే ఉండవచ్చును. మనసు తేలికైనదీ లేనిదీ ఎవరికి వారు చెప్పుకోగలరు. పోటు సంగతి చేతికి పట్టీ కట్టి కొలిస్తేగాని తెలియదు.

ఇక బడులు, కళాశాలలు. పరీక్షల రోజులలో విద్యార్థులను వరుసగా కూర్చోబెట్టి ధ్యానం చేయించాలనే ఉత్సాహం చాలాచోట్ల కనిపిస్తున్నది. బ్రిటనులో 85 పాఠశాలలలో, 8 వేలకు పైగా పిల్లల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పాఠాలకన్న ధ్యానపాఠాలు పిల్లల మనఃస్థితిని ఏమీ మెరుగుపరచలేదు. చాలామంది ఇంటివద్ద అభ్యాసమే చేయలేదు. తెలుగు పిల్లల సంగతి వేరు అనేవారుండవచ్చును. అది తేల్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 1961లోనే ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ గార్లు యోగుల తలకు తీగలు అమర్చి మెదడు తరంగాలను నమోదు చేశారు. సిద్దిపేటలోని ఏ కళాశాల అయినా ఒక తరగతిని చీటీలు వేసి రెండు భాగాలు చేసి, ఎనిమిది వారాలపాటు ఒక భాగానికి ఊపిరి ధ్యానం, రెండవ భాగానికి అంతేసేపు కోమటి చెరువు కట్ట మీద నడక ఇవ్వవచ్చును. ముందూ వెనుకా నిద్ర ఎన్ని గంటలో, రక్తపుపోటు ఎంతో, ఒక పుట అచ్చులో చెప్పిన అక్షరాన్ని కొట్టివేయడంలో ఎన్ని తప్పులు పోతున్నవో నమోదు చేసుకుంటే చాలు. కొలిచేవారికి ఎవరు ఏ భాగంలో ఉన్నారో తెలియకూడదు.