పర్షియన్ చెప్పులో పొగాకు

మొన్న ఒక మిత్రుడు షెర్లాక్ హోమ్స్ కథల కొత్త తెలుగు అనువాదం తెచ్చిచ్చాడు. కాగితం బాగుంది, అచ్చు బాగుంది. అట్ట చూడగానే ఒళ్లు మండింది. హోమ్స్ నోట్లో మెడ వంచిన హంసలాంటి పైపు పెట్టారు. పబ్లిషరు పేరు చెప్పను. అట్ట మీద బొమ్మ వేసేవాడు లోపలి పుస్తకం ఒక్కసారైనా చదవాలని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానో ఈ కాలమ్ పాత పాఠకులకి తెలుసు. సినిమాలో హీరోయిన్ వేళ్లు ఒకచోట, వీణ పాట ఇంకోచోట ఉంటే నాకు ఆ పూట అన్నం సహించదు. నా జబ్బు అలాంటిది.

ఆ వంకర పైపుని కాలబాష్ అంటారు. సొరకాయని, అవును, మనం పప్పులో వేసుకునే జాతినే, పాదు మీద ఉండగానే మెడ వంచి పెంచి, ఎండబెట్టి, లోపల మీర్‌షామ్ అనే మెత్తని రాతి గిన్నె అమరుస్తారు. దక్షిణాఫ్రికా సరుకు. బోయర్ యుద్ధం తర్వాతగానీ ఇంగ్లండులో పెద్దగా వాడుకలోకి రాలేదు. హోమ్స్ మొదటి నవల 1887లోనే వచ్చింది. కోనన్ డాయిల్ రాసిన 4 నవలల్లో, 56 కథల్లో ఎక్కడా ఆ సొరకాయ లేదు. ఉన్నవి జిడ్డోడుతున్న నల్ల మట్టి పైపు, బ్రయర్ పైపు, వాదన పెట్టుకోవాలని బుద్ధి పుట్టినప్పుడు తీసే పొడుగాటి చెర్రీ కర్ర పైపు. స్ట్రాండ్ పత్రికకి బొమ్మలు గీసిన సిడ్నీ పాజెట్ కూడా తిన్నని పైపులే గీశాడు.

వంకర తెచ్చింది రంగస్థలం. 1899లో అమెరికన్ నటుడు విలియం జిలెట్ హోమ్స్ వేషం కట్టాడు. వంగిన పైపు అయితే ముఖానికి అడ్డం రాదు, పళ్ల మధ్య ఉండగానే డైలాగ్ చెప్పొచ్చు, అందుకే ఎంచుకున్నాడంటారు. ఆయనదీ సొరకాయ కాదు, వంపున్న చెక్క పైపే. 1939 నుంచి 1946 దాకా 14 సినిమాల్లో బేసిల్ రాత్‌బోన్ పీటర్సన్ కంపెనీ వంకర పైపు పట్టుకుని ఆ వంపుని లోకానికి అలవాటు చేశాడు. పుస్తకం దగ్గరికి మళ్లీ వెళ్లినవాడు గ్రెనడా టీవీ జెరెమీ బ్రెట్. పొడుగు చెర్రీ కర్ర, మట్టి పైపు, అన్నీ కథలో ఉన్నట్టే. కెమెరా ఆగాక మాత్రం ఆయన కాల్చేది సిగరెట్లే, అదీ విపరీతంగా. చిన్నప్పుడే దెబ్బతిన్న గుండెతో 1995లో పోయాడు. నా లెక్కలో ఆయనే అసలు హోమ్స్, దీని మీద ఉత్తరాలు రాయకండి.

సరే, పైపు సంగతి తేలింది. అందులో వేసే పొగాకో? ఇక్కడ మన గోదావరి జిల్లాలవాళ్లు కాస్త ఛాతీ విరుచుకోవచ్చు. హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు కదా. ఆ ప్రస్తావన వచ్చినచోట, హంతకుడు కాల్చింది ఇండియన్ లంక చుట్ట అని తేలిస్తే వెతకాల్సిన జనం తగ్గిపోతారని వాట్సన్‌కి చెప్తాడు. ఆ లంక రావణుడిది కాదు, గోదావరి నడుమ తేలే లంకలు. అక్కడి పొగాకుతో చుట్టిన చుట్టలు మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల దాకా వెళ్లాయి, 1890 నాటికి బేకర్ స్ట్రీట్ దాకా వెళ్లాయి.

మా తాతయ్యది లంక వ్యవసాయం. వరద తీసి వండ్రు మిగిలాక నారు వేసేవారు. మొక్క ఎదిగితే తల తుంచడం, పిలకలు గిల్లడం, ఆకు కోసి ఎండగట్టడం, మండె వేయడం, మళ్లీ విప్పి తిరగేసి మండె వేయడం. మండెలో చెయ్యి దూర్చి వేడి చూసి, ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకెన్నాళ్లో ఆయన చెప్పేవాడు. తన చుట్టకి ఆకు తనే ఏరుకునేవాడు. ఈనె తీసి, నీళ్లు చిలకరించి, పదునుకొచ్చాక తొడ మీద పెట్టి చుట్టేవాడు. భోజనమయ్యాక అరుగు మీద కూర్చుని ముట్టిస్తే నుసి వేలి కణుపంత నిలబడాలి. ముందే రాలితే ఆకుని తిట్టేవాడు, ఆకు సరిగా ఏరలేదని తనని తను తిట్టుకునేవాడు. "ఏమండీ, అది పొగాకా, పెళ్లికూతురా?" అనేది మామ్మ. ఆయన వినిపించుకుంటే కదా.

మా పాలేరు పద్ధతి వేరు. సగం కాల్చిన చుట్టని గోడకి నలిపి ఆర్పి, చూరులో దోపేవాడు. తెల్లారి కాడి కట్టేముందు ఆ సగమే తీసి ముట్టించేవాడు. "ఒరే, మంచి ఆకు ఇస్తాను కదరా, ఆ పాచి పీకెందుకురా?" అని తాతయ్య విసుక్కుంటే, "ఆయ్, పాసిదైతేనేనండి బుర్రకెక్కేది" అనేవాడు.

హోమ్స్ పొద్దుటి పైపు గుర్తుందా? ముందు రోజు పైపుల అడుగున మిగిలిన మాడు ముక్కల్ని దులిపి, పొయ్యి గట్టు మీద ఆరబెట్టి, టిఫినుకి ముందు వాటినే కాల్చేవాడు. పొగాకు దాచేది పర్షియన్ చెప్పు బొటనవేలి చోటులో, చుట్టలు దాచేది బొగ్గుల డబ్బాలో. కొనేది షాగ్, అంటే సన్నగా తరిగిన ఘాటు చవక సరుకు. బాస్కర్‌విల్ వ్యవహారంలో బ్రాడ్లీ కొట్టు నుంచి అందులోకెల్లా ఘాటైనది ఒక పౌను తెప్పించుకుంటాడు. సాయంత్రం వాట్సన్ తలుపు తీసి ఇల్లు అంటుకుందనుకుంటాడు. 140 బూడిదలు పోల్చగల మనిషికి తన నోట్లో ఏముందో పట్టదు. రుచి ఉన్నవాడు వాట్సనే, పెళ్లయ్యాక కూడా బ్రహ్మచారి రోజుల ఆర్కేడియా మిక్స్‌చర్ వదల్లేదు. హోమ్స్‌కి కావాల్సింది పొగాకు కాదు, మూడు పైపుల సమస్య తేలేదాకా ఎవరూ పలకరించని 50 నిమిషాలు, బుర్రకెక్కే మందు. ఆయన మా తాతయ్య కాదు, మా పాలేరు.

ఇలా చూస్తే 2010లో బీబీసీ వాళ్లు చేసినదాని మీద నాకు కోపం రావడం లేదు. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ పైపు పట్టుకోడు, చేతికి మూడు నికోటిన్ ప్యాచ్‌లు అంటించుకుని పడుకుంటాడు. హోమ్స్ భక్తుడికి కడుపు రగలాల్సిన దృశ్యమే. కానీ రాత్‌బోన్ పీటర్సన్‌కంటే ఆ ప్యాచే డాయిల్‌కి దగ్గర. పొగ, వంపు, పొయ్యి పక్కన భంగిమ, ఇవన్నీ నటులవి. మందు మాత్రం పుస్తకంలోది.

కానీ పైపూ, ప్యాచూ అందరు డిటెక్టివులకీ కుదరవు. సత్యజిత్ రాయ్ తను పైపు కాలుస్తూ తన ఫెలూదాకి మాత్రం మన హైదరాబాద్ చార్మినార్ సిగరెట్టు ఇచ్చాడు. కలకత్తా మధ్యతరగతి కుర్రాడి చేతిలో పైపు పెడితే నాటకంలా ఉండేది. మన సినిమాల్లో పైపు అంటే గౌను తొడుక్కుని మేడ దిగే హీరోయిన్ తండ్రే కదా. ఇక సిమెనాన్ కథల్లోని పోలీసు డిటెక్టివ్ మేగ్రేకి ప్యాచ్ అంటిస్తే మనిషే మిగలడు. ఆయనకి పైపు బుర్ర కోసం కాదు, చేతి కోసం. వేడిగా పిడికిట్లో ఉండాలి, ఎదుటివాడు నిజం చెప్పేదాకా దాన్ని కూరుతూ కూర్చోవాలి. ఒక కుర్రాడు దాన్ని కాజేస్తే సిమెనాన్ ఏకంగా ఒక కథ రాశాడు. హోమ్స్ పైపు పోతే పక్కదాన్ని అందుకుంటాడు, కథ ముందుకి పోతుంది. రూపర్ట్ డేవిస్ టీవీలో మేగ్రేగా గోడకి అగ్గిపుల్ల గీసి పైపు ముట్టించేవాడు. 1964లో బ్రిటన్‌లో ఆ ఏటి పైపు వీరుడన్న బిరుదు కూడా ఆయనకే వచ్చింది. 2022 ఫ్రెంచి సినిమాలో డాక్టరు మేగ్రే వేషంలో ఉన్న జెరార్ దిపార్ద్యూని పైపు మానమంటాడు. వైద్యం ప్రకారం సరైన సలహాయే, నేనూ అదే ఇస్తాను. అక్కణ్నించి ఆ భారీ మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబులు వెతుక్కుంటున్నట్టే కనిపించాడు నాకు.